భుజములోని సున్నము

(మన సంఘ వార్షిక మహాసభయందు జదివిన యుపన్యాసము)



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంధులును సమాసములును బోధించి విశ్రాంతి గైకొన్న మాబోటివాడు వైద్యవిషయమును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. మాకు వైద్యము రాదు. అందు మాకు గల పరిచయమంతయు మా కుడిభుజమున రెండేండ్లపాటు జరిగినదియు, ఆ కాలమున డాక్టర్లను విసిగించి తెలిసికొన్నదియు మాత్రమే. ఐనను మాటలాడుటకు రెండు కారణములు గలవు. మా భుజము బాగైనది మొదలు మనవారిలో భుజపునొప్పి వచ్చినవారెల్ల చేత ఎక్సురే ఫిలిము పట్టుకొని మా యింటి యరుగుమీదికి వచ్చుచున్నారు. వారిలో బెక్కుమంది మేము చేసిన తప్పులనే వరుస తప్పక చేసి వచ్చుచున్నారు. రెండవ కారణము ఈ సభవారి తీర్మానముల పట్టికలో నున్నది. దానిని గూర్చి చివర మనవి చేసెదము.

2016వ సంవత్సరము కార్తికమాసమున నొకనాటి నడురేయి మాకీ వ్యాధి బయటపడినది. అంతకు మునుపు నాలుగైదు నెలలుగా నల్లబల్లపై చేయెత్తి వ్రాయునపుడు భుజాగ్రమున జివుక్కుమనుచుండెడిది. వయసు మీదబడినదని యూరకుంటిమి. ఆ రాత్రి నొప్పి యట్టిది కాదు. కాల్చిన చువ్వను భుజములో దూర్చి త్రిప్పుచున్నట్లుండెను. పండుకొనలేము, కూర్చుండలేము, చేతిని ప్రక్కకు జానెడు జరుపలేము. తెల్లవాఱువఱకు మా గృహిణి మేలుకొనియే యుండెను. మఱునాడు మాకు చొక్కా తొడుగుటకు ఇద్దఱు మనుష్యులు కావలసివచ్చిరి.

పట్టణమున డాక్టరుగారు తీయించిన ఎక్సురేలో భుజపుటెముక తలకు పైగా, ఎముక యుండరాని చోట, కందిగింజంత తెల్లని మచ్చ కానవచ్చెను. కాల్షియము చేరినదని వారు చెప్పిరి. వెంటవచ్చిన మా మేనల్లుడు దానిని "సున్నము" అని తెనిగించెను. ఆ యొక్క తెనుగుమాట మాకు జేసిన కీడు ఇంతంత గాదు. పరామర్శకు వచ్చిన మా మేనత్తగారు, "ఒరే నాయనా, ఆకులో సున్నం తగ్గించరా అని ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నాను, విన్నావా?" అని యేడ్చినది. ఆ పూటనుండి తాంబూలము పోయెను. మఱునాడు పాలు పోయెను; తరువాత పెరుగు, మజ్జిగ, రాగిజావ వరుసగా మా విస్తరినుండి వెడలిపోయెను. మూడునెలలు చాఱును నీళ్లును గలుపుకొని భుజించితిమి. దానివలన భుజమునకు రవంత లాభము గలుగలేదు.

ఏలయన, ఈ సున్నము తమలపాకున బూయు సున్నము కాదు. మన యెముకలును పండ్లును ఏ పదార్థముతో గట్టబడినవో ఇదియు దాదాపు అదియే. కాల్షియమును ఫాస్ఫేటును గలసి యేర్పడిన స్ఫటికము. హైడ్రాక్సీఅపటైటు అని దానికి బేరు. తిన్న యన్నమునుండి నెత్తుటిలోనికి జేరి, యందుండి భుజమున గడ్డకట్టునది కాదు. ఈ వ్యాధి గల సాధారణరోగి నెత్తురు పరీక్షించినచో నందు కాల్షియము ఉండవలసినంతయే యుండును. భుజమునందలి నారపట్టీలోని కణములే తమ స్వభావమును మార్చుకొని ఆ చోటనే దీనిని గూర్చుకొనును. ముప్పదియేండ్లకును అఱువదియేండ్లకును నడుమ నిది వచ్చుట మెండు. పురుషులకంటె స్త్రీలకు గొంత హెచ్చు. మధుమేహము గలవారిలోను, థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయనివారిలోను తఱచుగా గానవచ్చుచున్నది. తాంబూలము మానుట మంచిదే. వక్కవలనను పొగాకువలనను నోటికి ఘోరవ్యాధులు వచ్చును. కాని భుజము నిమిత్తమై మానవలదు. ముఖ్యముగా మన గృహిణులు ఎముకలు గుల్లబాఱు వయసున పాలుమజ్జిగలు మానుట యపాయకరము.

ఇక నిది చేరు చోటు. అంసము, స్కంధము, భుజశిరస్సు అని మనవారు మూడుపేర్ల బిలిచిన యీ కీలు దేహమునందలి కీళ్లన్నిటిలోను హెచ్చు స్వేచ్ఛ గలది. అంత స్వేచ్ఛ యేల గలిగినదనగా, గుండ్రని యెముకతల పెద్దది, అది కూర్చుండు గిన్నె చిన్నది, లోతులేనిది. ఆ తల జాఱిపోకుండ వీపువైపునున్న అంసఫలకమున బుట్టిన నాలుగు కండరములు కొసలందు చదునైన పట్టీలుగా మాఱి దానిని మూడువైపుల గప్పి పట్టుకొనియున్నవి. ఆ తెల్లని గట్టి పట్టీని డాక్టర్లు టెండను అందురు. ఇచట నొక పంతులు మాట: సంస్కృతమున "కండరా" యనగా ఈ పట్టీయే. సుశ్రుతుడు దేహమునం దట్టివి పదునాఱని లెక్కించెను. తెనుగునకు వచ్చునప్పటికి "కండరము" మాంసపుముద్దకు బేరైనది. పదము పోయిన దారి చిత్రమైనదే గాని, రోగికి దానితో బనిలేదు.

నాలుగు పట్టీలలో పైది, చేతిని ప్రక్కకు లేపుటకు మొదట సాయపడునది, తఱచుగా నీ సున్నమున కాటపట్టగును. అది ఎముకతలకును, దానిపై చూరువలె నున్న మఱియొక యెముకకును నడుమ నిఱుకుసందున బోవుచున్నది. కావుననే చేతిని ప్రక్కకు సగమువఱకు ఎత్తునపుడు నొప్పి పుట్టును. ఆ వైపునకు పండుకొన్నచో రాత్రి నిద్రయుండదు.

సుశ్రుతసంహిత నిదానస్థానమున వాతవ్యాధులలో "అవబాహుకము" అని యొకటి గలదు; అంసమున నిలిచిన వాతము సిరలను ముడుచుకొనజేయునని దాని లక్షణము. మా మిత్రులొకరు ఈ వ్యాధి యదియేయని వాదింతురు. మేము సంస్కృతము చదివినవారమయ్యు దాని కొప్పుకొనము. ఎక్సురే పుట్టినదే 1895వ సంవత్సరమున. అంతకు మునుపు భుజము పట్టుకొనిపోవు రోగములెన్ని యున్నను కంటికొక్కటిగానే యుండెను. పూర్వులు తాము చూచినదానిని చక్కగా జెప్పిరి. చూడనిదానిని వారిచే జెప్పింపబూనుట వారికి గౌరవము గాదు.

ఇపుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. ఈ సున్నమునకు మూడు దశలు గలవు. మొదట నది చేరును. పిదప కొన్ని నెలలో కొన్ని యేండ్లో కదలక యుండును. ఆ రెండు దశలందును అది ఎండిన సుద్దవలె నుండునని ఆపరేషను చేయు డాక్టర్లు చెప్పుదురు. మూడుపదుల యేండ్లు చేత బట్టిన సుద్దముక్క తుదకు మా భుజములోనికే వచ్చెనని మా తోడి పంతుళ్లు వేళాకోళము చేసిరి. ఈ దశలందు నొప్పి లేకుండవచ్చును, ఉన్నను కొంచెమే. 1941వ సంవత్సరమున అమెరికాలో బాస్వర్తు అను శస్త్రవైద్యుడు కచ్చేరీలలో బనిచేయువారిని 6,061 మందిని పరీక్షించి ప్రకటించిన లెక్కలో నూటికి 2.7 మందికి భుజమున సున్నముండెను. వారిలో పెక్కండ్రకు నొప్పియే లేదు. కావున ఎక్సురేలో మచ్చ కనబడినంత మాత్రమున నొప్పికెల్ల నదియే కారణమని నిశ్చయింపరాదు. ఫిలిముకు గాక మనుష్యునకు వైద్యము జరుగవలయును.

మూడవ దశయందు శరీరము మేల్కొనును. క్రొత్త నెత్తురునాళములు పుట్టి, కణములు వచ్చి, ఆ సుద్దను గరగించి మ్రింగ మొదలిడును. అపుడది పండ్లు తోముకొను పేస్టువలె మెత్తబడి, ఉబ్బి, పట్టీలోపల ఒత్తిడి పెంచును. ఒక్కొకప్పుడు పైనున్న పలుచని సంచిలోనికి ఒలికి అచట మంట పుట్టించును. అదియే మహాబాధ. అనగా కార్తికమాసపు రాత్రి మేము మూల్గినది రోగము ముదురుటచేత గాదు, రోగము తొలగుటకు సిద్ధపడుటచేత. ఈ తీవ్రమైన నొప్పి సాధారణముగా కొన్నిదినములనుండి రెండుమూడు వారములలో దగ్గుముఖము పట్టును. ఈ యొక్క సంగతి ఆ రాత్రి మా కెవరైన జెప్పియుండినచో తరువాతి యనర్థము జరిగియుండదు.

ఆ యనర్థ మెట్లు జరిగెననగా, మూడవనాడు ఓర్వలేక దూరపుటూరిలో కట్లుకట్టు నొకరియొద్దకు బోయితిమి. వారు కాచిన నూనెతో భుజమును మర్దించి, సున్నపుగడ్డను పగులగొట్టెదనని బొటనవ్రేళ్లతో నొక్కి, చేతిని ఱొమ్మునకు జేర్చి కట్టి, మండలము విప్పరాదనిరి. పదునైదుదినములకు నొప్పి తగ్గెను. అది తనంత తగ్గవలసిన నొప్పియని యెఱుగక కట్టు మహిమయని యూరంతయు జెప్పితిమి. మా మాటవిని మఱి యిద్దఱు పోయిరి. నలువదవనాడు కట్టు విప్పగా చేయి కదలలేదు. వెనుకకు మొలత్రాటివఱకు బోదు, ముందుకు నోటికంటె పైకి లేవదు. కొన్నినెలల తరువాత దీయించిన ఎక్సురేలో సున్నపుమచ్చ మాసిపోయినది. కీలు మాత్రము బిగిసిపోయినది. ఆయనను నిందింపము, ఆయన తన కొచ్చినది చేసెను. కదపకుండుటయే విశ్రాంతి యని మేమును నమ్మితిమి గదా.

భుజమునకు విశ్రాంతి యనగా నేమో ఈ తరువాత తెలిసికొంటిమి. నొప్పి తీవ్రముగా నున్న రెండుమూడు దినములు చేతిని జోలెలో వేసికొనవచ్చును. అపుడైనను పూటపూటకు దీసి మోచేతిని, మణికట్టును, వ్రేళ్లను ఆడించుచుండవలయును. పలుచని గుడ్డలో మంచుముక్కలు చుట్టి పదిపదునైదు నిమిషములు భుజముపై నుంచుకొన్నచో ఉపశమనము కలుగును. రాత్రి వెల్లకిల పండుకొని మోచేతి క్రింద మడచిన దుప్పటి పెట్టుకొనవలయును, లేదా మంచి చేతివైపునకు దిరిగి నొప్పిచేతిని తలగడపై నానింపవలయును. నొప్పి తగ్గించు ఐబుప్రోఫెను, నాప్రోక్సెను వంటి మాత్రలు కొన్నిదినములు వాడుదురు. కాని కడుపులో పుండ్లు, మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు గలవారును, నెత్తురు పలుచన జేయు మందులు వాడువారును డాక్టరు నడుగక వానిని ముట్టరాదు. మన పెద్దలలో నిట్టివారు తక్కువ గాదు. అంగడివాడిచ్చిన మాత్రతో భుజము బాగుచేసికొని మూత్రపిండములు పోగొట్టుకొనరాదు.

అంతకు దగ్గనిచో సంచిలోనికి స్టెరాయిడు ఇంజక్షను చేయుదురు. తొలి వారములలో బాధ తగ్గించుటకది యక్కఱకు వచ్చును. మధుమేహరోగులకు కొన్నిదినములు చక్కెర పెరుగును గనుక ముందుగా జెప్పవలయును. అల్ట్రాసౌండులో జూచుచు సూదితో సున్నమును గడిగి పీల్చివేయు పద్ధతి మఱియొకటి గలదు. వినుటకు మిక్కిలి సొంపుగా నున్నదే గాని, నార్వే, స్వీడను దేశముల యాసుపత్రులలో 220 మందిపై జరిపి 2023వ సంవత్సరమున ప్రకటించిన పరీక్షలో, సున్నము గడిగి స్టెరాయిడు ఇచ్చినవారికిని, గడిగినట్లు నటించి స్టెరాయిడు మాత్రమే యిచ్చినవారికిని, నటన మాత్రమే పొందినవారికిని నాలుగునెలల తరువాత చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. అందఱును గొంత బాగుపడిరి! ఇక షాక్‌వేవు, అనగా బయటనుండి బలమైన తరంగములను భుజముపై గొట్టు యంత్రము. హెచ్చుబలముతో గొట్టినచో సున్నము కరగుటకు దోడ్పడునని కొందఱు డాక్టర్ల మతము. 2020వ సంవత్సరమున కోక్రేన్ సంస్థవారు భుజపు నారపట్టీల వ్యాధులపై దీని పరీక్షలనన్నిటిని గూర్చి పరిశీలించి, రోగికి దెలియునంతటి లాభము చాల తక్కువయని తేల్చిరి. నెలలతరబడి యేవియు బనిచేయక బాధపడువారికి చిన్నరంధ్రముల గుండ జేయు ఆపరేషను గలదు. అవసరము పడువారు కొలదిమందియే.

డాక్టర్లు చెప్పినదానిని కాదని మీరు వాదింపవలెనని మా యుద్దేశము గాదు. ఏ చికిత్సయైనను కాలమునకు సాయము చేయునదే యని తెలిసియుండినచో ఆస్తినమ్మి పరుగెత్తుట తప్పును.

మా బిగిసిన చేతిని మరల ఆడించినది, మా బడిలోనే పదవతరగతి చదివి ఫిజియోథెరపీ నేర్చిన యొక యమ్మాయి. మేము పాఠము చెప్పిన పిల్ల మాకు పాఠము చెప్పుట మొదట నామోషీగానే యుండెను. "మాస్టారూ, ఒకరోజు గంటసేపు చేసి మూడురోజులు మానేస్తే ఒప్పుకోను. పూటకి అయిదు నిమిషాలు, రోజుకి మూడుపూటలు. రేపొచ్చి చేసి చూపించాలి" అనెడిది. చేయక పోయిననాడు ముఖము చూచియే కనిపెట్టెడిది. ఇంటిపని యెగవేసిన పిల్లలను మేము పట్టుకొన్నట్లే పట్టుకొన్నది.

మొదటిది లోలకపు కసరత్తు. మంచిచేతిని బల్లపై నానించి, నడుము వంచి, నొప్పిచేతిని చేదవలె వ్రేలాడవిడిచి, దేహపు టూపుతో ముందువెనుకలకును, ప్రక్కలకును, చిన్నచక్రములుగాను మెల్లగా ఊగనీయవలయును. చేతితో బలము చేయరాదు. చేయి వ్రేలాడవలయును, అంతే. ఇట్లు వంగి చేయు కసరత్తు అమెరికాలోని బోస్టను నగరపు శస్త్రవైద్యుడు కాడ్‌మను గారి పేర ప్రసిద్ధము. వారు 1934వ సంవత్సరమున భుజమును గూర్చియే యొక పెద్దగ్రంథము వ్రాసిరి. ఆసుపత్రివారు ప్రతిరోగిని ఏడాది తరువాతగూడ విచారించి, వైద్యము ఫలించెనా లేదా యని వ్రాసిపెట్టవలెనని పోరాడి, తమ చిన్న యాసుపత్రిలోని తప్పులను దామే యచ్చువేసికొన్న మనిషి. మా కాయనపై గురుభావము గలిగినది.

రెండవది కఱ్ఱ. వెల్లకిల పండుకొని రెండుచేతుల గఱ్ఱ పట్టుకొని, మంచిచేయి నొప్పిచేతిని దలపైకి దీసికొనిపోవలయును. మూడవది గోడ, వ్రేళ్లతో గోడపై సాలెపురుగువలె ప్రాకించి, ఎంతవఱకు బోయినదో బొగ్గుతో గీటు పెట్టవలయును. మా వంటింటి గోడపై ఆ గీటు లిప్పటికిని గలవు. మొదటి నెలలో నాలుగంగుళములు. రెండవ నెలలో ఏమియు లేదు. మూడవ నెలలో ఒక్కసారిగా జానెడు. రెండవ నెలలో మానివేయుదుమా యని తలచితిమి. మా యరుగుమీదికి వచ్చినవారిలో మానివేసినవారందఱు ఆ రెండవ నెలలోనే మానివేసిరి. ఇంట గిలక యున్నచో దాని త్రాటి రెండుకొనలను రెండుచేతుల బట్టి మార్చిమార్చి లాగుటయు మేలే.

చేయి కదలుట నేర్చిన తరువాత బలము. భుజములను వెనుకకు లాగి ఱెక్కలను వెన్నుదగ్గఱకు జేర్చుట, గోడనుదోయుట, సాగు రబ్బరుపట్టీని మోచేయి ప్రక్కన నానించి లోనికి బయటికి లాగుట, అరలీటరు నీళ్లసీసా నెత్తుట, ఇట్లు క్రమముగా హెచ్చింపవలయును. కసరత్తు చేసిన గంటకో రెండుగంటలకో నొప్పి మామూలునకు దిగినచో భయములేదు. ఆ రాత్రి నిద్ర చెడి మఱునాడు హెచ్చుగా నున్నచో కొలది తగ్గించి చేయవలయును, మానరాదు. బరువైన బిందెలను అటకపై కెత్తుట, దులపరి కఱ్ఱతో కప్పు దులుపుట కొన్నినెలలు ఇతరులకు వదలవలయును. మాకు పదునాలుగు నెలలకు పూర్తిగా జేయి లేచినది. కట్టు కట్టించుకొనకున్నచో ఇన్ని నెలలు పట్టియుండవని డాక్టరుగారు చెప్పిరి.

ఒక్క హెచ్చరిక. భుజపునొప్పులన్నియు సున్నము గావు. ఎడమభుజమున నొప్పితో ఱొమ్ము బిగియుట, చెమట, ఆయాసము గలిగినచో నది గుండె కావచ్చును. గడియయైన నాలసింపక ఆసుపత్రికి బోవలయును. జ్వరముతో కీలు ఎఱ్ఱబాఱి వేడెక్కినను, పడిన తరువాత చేయి బొత్తిగా లేవకున్నను ఇంట గూర్చుండి మంచు పెట్టుకొనరాదు.

ఇక తీర్మానమును గూర్చి. మన పోషకులలో నొక మహనీయులు సంఘ వైద్యశాలకు కొన్ని లక్షల రూప్యముల వెలగల షాక్‌వేవు యంత్రమును దానము సేయ సంకల్పించిరి. వారి తల్లిగారు భుజపునొప్పితో బడిన బాధయే యందుకు హేతువని యెఱుగుదుము. వారి యౌదార్యమునకు నమస్కరించుచున్నాము. ఐనను వారి యెదుటనే ఒక మాట మనవి చేయకున్న మా పంతులు వృత్తికి ద్రోహము. యంత్రము వచ్చును, నాలుగేండ్లకు పాడగును; బాగుచేయువాడు హైదరాబాదునుండి రావలయును. ఆ సొమ్మును నిధిగా నుంచి, ఒక ఫిజియోథెరపిస్టును నియమించి, వారమునకు మూడుదినములు మన వైద్యశాలలోను, రెండుదినములు చుట్టుపట్ల గ్రామములలోను తిరుగ నేర్పాటు చేసినచో, భుజములే గాదు, పక్షవాతము వచ్చినవారి కాళ్లుచేతులును, మోకాళ్లు అఱిగిన ముసలివారును ఆ దానమున బాగుపడుదురు. గోడపై గీటు కదలని రెండవ నెలలో "రేపు మళ్ళీ రండి" అని చెప్పునది యంత్రము గాదు. ప్రతిరోగిని ఆఱునెలలకును, ఏడాదికిని విచారించి ఒక పుస్తకమున వ్రాసిపెట్టు పని ఉచితముగా జేయుటకు మేము సిద్ధముగా నున్నాము. అక్షరములు ఇప్పటికిని గుండ్రముగానే వచ్చుచున్నవి. తీర్మానమున "యంత్రము" అను పదమునకు బదులు "ఉపాధ్యాయురాలు" అని గాని "ఉపాధ్యాయుడు" అని గాని సవరణ ప్రతిపాదించుచున్నాము.

మధ్యాహ్నభోజనము తరువాత మండపమునకు దక్షిణపు వసారాలో మేమును, పైని జెప్పిన అమ్మాయియు నుందుము. ఫిలిములు తెచ్చుకొన్నవారు ఫిలిములతోను, తేనివారు భుజములతోను రావచ్చును.